వల వేయని సముద్రము

మన తూర్పు తీరమున ఏటేట ఏప్రిల్ 15వ తేదీ మొదలు జూన్ 14 వరకు మరపడవలు వేటకు పోరాదు. ఆ 61 దినములు విశాఖపట్నము, కాకినాడ రేవులలో పడవలు ప్రక్కప్రక్కనే కట్టివేయబడి యుండుటయు, ఒడ్డున మత్స్యకారులు వలలు బాగుచేసికొనుచు కూర్చుండుటయు శ్రోతలలో పెక్కుమంది చూచినదే. గ్రుడ్లు పెట్టు కాలమున చేపకు కొంత ఊపిరి సలుపనిచ్చుట యీ నిషేధపు ఉద్దేశము. ఇది కాలమునకు సంబంధించిన కట్టుబాటు. గడువు ముగిసిన మరునాడు పడవలన్నియు ఒక్కుమ్మడిగా సముద్రము మీద పడును.

ఇట్లుగాక, చోటునకు సంబంధించిన నిషేధము మరియొకటి కలదు. సముద్రములో కొంత భాగమునకు హద్దులు నిర్ణయించి, ఆ హద్దుల లోపల ఏ ఋతువునందైనను, ఎవ్వరైనను, ఏ సాధనముతోనైనను ఒక్క చేపనుగాని ఒక్క గుల్లనుగాని తీయరాదని శాసించుట దాని పద్ధతి. భూమి మీది అభయారణ్యములు మనకు క్రొత్తవి కావు. కాని నీటికి కంచె వేయుట యెట్లు? చేప హద్దురాయిని చూచి ఆగునా? ఒకవేళ ఆగినచో, లోపలి సముద్రమునకు ఏమి కలుగును? ఈ ప్రశ్నలకు దీర్ఘకాలపు పరిశీలనతో సమాధానము దొరకిన చోట్లు ప్రపంచమున మిక్కిలి తక్కువ. అందులో ఒకటి న్యూజీలాండు ఉత్తర దీవి తీరమున, ఆక్లండు నగరమునకు ఉత్తరముగా, లీ అను చిన్న గ్రామము చెంత నున్నది. అచ్చటి కథను నేడు కొంత విపులముగా ముచ్చటించుకొందము.

లీ గ్రామమునకు కొలది దూరములో, ఒడ్డునుండి కేక వేసిన వినబడునంత దగ్గరగా ఒక చిన్న దీవి యున్నది. ఆంగ్లేయులు దానికి గోట్ ఐలండ్, అనగా మేకదీవి యని పేరు పెట్టిరి. అచ్చటి మూలవాసులగు మావోరీలకు అది తె హావెరె అ మాకి. ఆ దీవికెదురుగా గట్టు మీద ఆక్లండు విశ్వవిద్యాలయమువారు 1962లో ఒక చిన్న సముద్రశాస్త్ర ప్రయోగశాలను నెలకొల్పిరి. 1964లో దానిని నడుపుటకు ఇంగ్లండునుండి బిల్ బాలంటైన్ అను యువ శాస్త్రజ్ఞుడు వచ్చెను. ఆయన అంతవరకు పరిశోధించినది తిమింగిలములను గాదు, సొర చేపలను గాదు. అలలు కొట్టు రాళ్ళను కరచిపట్టుకొని యుండు లింపెట్ అను గుల్లపురుగులను. ఏ రాతిమీద అల యెంత బలముగా కొట్టునో, అచ్చట నివసించు ప్రాణులను బట్టియే చెప్పగల కొలమానమొకటి ఆయన 1961లో ప్రకటించెను. దానిని తీరప్రాంత శాస్త్రజ్ఞులు బహుకాలము వాడిరి. ఇట్టి విద్యకు కావలసినది సాహసము కంటె ఓర్పు. ఒకే రాతిని ఏండ్ల తరబడి చూచుచుండవలెను.

చిక్కు వచ్చినది అచ్చటనే. ప్రయోగశాల యెదుటి సముద్రము అందరిదియు. ఎవరైన వచ్చి గాలము వేయవచ్చును, ఈటెతో మునిగి చేపను పొడువవచ్చును, రాతినంటియున్న గుల్లలను బుట్టలో వేసికొని పోవచ్చును. నిన్న పరిశోధకుడు గుర్తుపెట్టిన ప్రాణి నేడు ఎవరి వంటింటిలో నున్నదో తెలియనిచోట శాస్త్రము సాగునా? అందుచేత 1965లో విశ్వవిద్యాలయపు వృక్షశాస్త్రాచార్యుడు వి. జె. చాప్‌మన్ ప్రయోగశాల యెదుటి నీటిని పరిశోధనకై ప్రత్యేకించి, అందు వేటను మాన్పింపవలెనని ప్రతిపాదించెను. కోరిక చిన్నదే. కాని దానిని తీర్చుటకు దేశములో చట్టమే లేదు. నేలను రక్షించుటకు చట్టములున్నవి, చేపల వేటను క్రమబద్ధము చేయుటకు చట్టములున్నవి. సముద్రములో ఒక చోటును అట్లే విడిచిపెట్టుటకు మాత్రము అధికారము ఎవ్వరికిని లేకపోయెను. సముద్రమును విడిచిపెట్టుట యను ఊహయే శాసనకర్తలకు అంతవరకు కలుగలేదు.

ఆ చట్టము పుట్టుటకు ఆరేండ్లు పట్టెను. 1971లో సముద్ర రక్షిత ప్రాంతముల చట్టము వచ్చినది. దాని ఉద్దేశమును మనము ఇచ్చట శ్రద్ధగా గమనింపవలెను. చేపలను పెంచుట గురించి గాని, మత్స్యకారులకు మేలు గురించి గాని అందు ప్రస్తావన లేదు. సముద్రప్రాణులను శాస్త్రీయముగా అధ్యయనము చేయుటకై కొన్ని చోట్లను భద్రపరచుట యని మాత్రమే యున్నది. అవి అరుదైనవో, అందమైనవో కానక్కరలేదు. తమవంటి తీరమునకు మచ్చుగా నిలువదగిన సామాన్యమైన చోట్లైనను చాలును. మాకు ఈ చివరిమాట చట్టమునకెల్ల ఆయువుపట్టుగా తోచుచున్నది. వింతలను కాపాడుటకు ఎవరైన ఒప్పుకొందురు. ఒక మామూలు చోటును, ఏ విశేషమును లేని రాతితీరమును, ఊరక అట్లే యుండనిండని అడుగుటకు వేరొక ధైర్యము కావలెను.

చట్టము వచ్చినంతనే పని కాలేదు. ప్రకటన, అభ్యంతరములు, విచారణలు మొదలయ్యెను. తాతలనాటినుండి చేపలు పట్టుచున్న చోటును ఎట్లు మూసివేయుదురని ఊరివారు అడిగిరి. ఇచ్చట ఏ చేపజాతి నశించుచున్నదని మరికొందరు అడిగిరి. ఈ రెండవ ప్రశ్నకు శాస్త్రజ్ఞుల వద్ద సూటియైన సమాధానము లేదు. అచ్చట ఏ జాతియు నశింపబోవుట లేదు. వారి వాదమెల్ల ఒక్కటే: సముద్రమంతటను చేయి పెట్టుచున్నంతకాలము, చేయి పెట్టుటవలన ఏమి మారినదో తెలిసికొను దారి లేదు, పోల్చి చూచుటకు చేయి పెట్టని చోటు ఒకటియైన కావలెను. కడకు 1975లో ప్రభుత్వము ప్రకటన గావించెను. 1977లో రక్షిత ప్రాంతమును లాంఛనముగా ప్రారంభించిరి. కేప్ రాడ్నీ మొదలు ఒకాకారి మొనవరకు సుమారు 5 కిలోమీటర్ల తీరము, ఒడ్డునుండి 800 మీటర్ల దూరము, మొత్తము 5 చదరపు కిలోమీటర్ల పైచిల్లర. న్యూజీలాండులో ఇదియే మొదటిది. ప్రపంచములో వేటను సంపూర్ణముగా మాన్పించిన తొలి ప్రాంతములలో ఒకటి. అడిగిన నాటినుండి పండ్రెండేండ్లు గడచినవి. ఆ 800 మీటర్ల సంగతి శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెను. దానితో మనకు ముందు పని యున్నది.

మొదట ఏమియు జరుగలేదు. నిషేధించిన మరునాడు చేపలు గుంపులుగా వచ్చి చేరలేదు. మునిగి చూచినవారికి నీటి అడుగు ఎప్పటివలెనే యుండెను. 1970ల చివరిలో పరిశోధకులు ఆ అడుగును అంగుళమంగుళము పరిశీలించి పటము గీసిరి. అందు కొన్నిచోట్ల కెల్ప్ అను నాచు దట్టముగా నుండెను. కెల్ప్ అనగా మన కొలనులలోని మెత్తని పాచివంటిది గాదు. ఎక్లోనియా అను ఈ జాతి నాచు గట్టి కాడతో రాతిని పట్టుకొని, మొక్కవలె నిలువుగా లేచి, పైన వెడల్పాటి పత్రములను పరచును. వేలాదిగా ఒకచోట మొలచినప్పుడు నీటిలో అడవివలె నుండును. ఆ నీడలో చిరు చేపలు, పీతలు, నత్తలు బ్రదుకును. అయితే ఒడ్డుకు సమీపముననున్న లోతు తక్కువ రాళ్ళలో పెద్ద భాగమున ఈ అడవి లేదు. అచ్చట రాయి బోడిగా, గులాబిరంగు సున్నపు పొర కప్పుకొని కనబడెను. దాని నిండ కీనాలు.

కీనా యనగా ముళ్ళబంతివంటి ప్రాణి. ఆంగ్లమున దీని వర్గమును సీ అర్చిన్ అందురు. కీనా యనునది మావోరీ పేరు. దానికి నోరు అడుగుభాగమున నుండును. అందు అయిదు పండ్లు గల యంత్రమువంటి దవడ యున్నది. గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ ఈ జాతి నోటిని దీపపు గూటితో పోల్చినాడని నేటికిని శాస్త్రజ్ఞులు దానిని అరిస్టాటిల్ లాంతరు అందురు. ఆ పండ్లతో కీనా రాతిని గీకి, మొలకెత్తుచున్న నాచును మొదలంట తినివేయును. వేలకొలది కీనాలు మేసిన రాతిమీద పచ్చదనము నిలువదు.

ఇప్పుడు అసలు సంగతికి వచ్చితిమి. ఆ కాలపు శాస్త్రజ్ఞులు, మిక్కిలి నిపుణులైనవారు సైతము, ఆ బోడిరాళ్ళను సహజమనియే తలచిరి. కొన్ని లోతులలో నాచు, కొన్ని లోతులలో కీనా; ఈ తీరపు ప్రకృతి ఇంతేయని వారి గ్రహింపు. అట్లు తలచుటలో వారి తప్పేమియు లేదు. వారు మునుగుట నేర్చిన నాటికే తీరమంతయు అట్లున్నది. నీటిలో శ్వాస తీసికొను సాధనములు సామాన్యమైనది 1950ల తరువాత. వలయు గాలమును అంతకు ఎన్నో తరముల ముందునుండి పనిచేయుచున్నవి. సముద్రమును మనిషి మునిగి చూచుటకు మొదలుపెట్టక పూర్వమే దానిని మార్చివేసియుండెను.

నిషేధము తరువాత మొదట పెరిగినవి స్నాపర్ చేపలు. గులాబిరంగు మేనిమీద నీలిచుక్కలతో నుండు ఈ చేప అచ్చటివారికి మన వంజరము వంటిది. అందరును కోరునది, అందరును పట్టునది. మంచి ఆయువు గలది; అరువదేండ్లు బ్రదుకగలదు. పెద్ద చేపలలో కొన్ని కొన్నివందల మీటర్ల పరిధిని దాటక ఒకేచోట తిరుగుచుండునని, వాని దేహములో చిన్న ధ్వనియంత్రములను అమర్చి వెంబడించిన పరిశోధకులు కనుగొనిరి. అట్టి చేపకు అయిదు చదరపు కిలోమీటర్లు చాలినంత రాజ్యమే. హద్దురాయి చూచి చేప ఆగునా యను ప్రశ్నకు ఇదియే సమాధానము. ఆగదు, కాని కొన్నింటికి బయటికి పోవలసిన పని యుండదు.

మనుష్యులను చూచి బెదరుట కూడ చేపలు మరచినవి. ఒడ్డున మోకాలిలోతు నీటిలో నిలచినవారి కాళ్ళ చుట్టు పెద్ద చేపలు తిరుగసాగెను. ఈ వార్త విని నగరమునుండి జనులు రాసాగిరి. కొందరు ఘనీభవింపజేసిన బఠాణీలను సంచులతో తెచ్చి చేపలకు వేయుట మొదలుపెట్టిరి. ఏ సముద్రములోను పండని బఠాణీ స్నాపర్ కడుపులోనికి ఇట్లు చేరెను! అధికారులు దానిని మాన్పించుటకు శ్రమపడవలసి వచ్చెను. రానురాను ఏటా సందర్శకుల సంఖ్య మూడులక్షలు దాటినది. శాస్త్రమునకై మూసిన చోటు జనులకు తెరచుకొనెను. మొదట వ్యతిరేకించిన ఊరిలోనే అద్దపు అడుగుల పడవలు, ఈత సామగ్రి అద్దెకిచ్చు దుకాణములు వెలసినవి. చట్టము చేసినవారు ఊహింపని ఫలితములలో ఇది మొదటిది. రెండవది ఇంతకంటె గొప్పది.

లాబ్‌స్టర్లు, అనగా రాతి సందులలో నుండు పెద్ద రొయ్యజాతి, అవియు మెల్లమెల్లగా పెరిగినవి. 1990ల నాటికి తేడా కొట్టవచ్చినట్లు కనబడెను. 1999లో రస్ బాబ్‌కాక్, ఆయన సహచరులు ప్రకటించిన లెక్కలు ఇవి: లీలోను, దానికి దక్షిణముననున్న తాఫరనుయి రక్షిత ప్రాంతములోను స్నాపర్లు బయటికంటె వరుసగా సుమారు 6 రెట్లు, 9 రెట్లు అధికము, సగటున వాని పొడవు బయటివానికంటె 10 సెంటీమీటర్లకు పైగా ఎక్కువ. లాబ్‌స్టర్లు 1.6 మొదలు 3.7 రెట్లవరకు అధికము. ఇంతవరకు వింతలేదు. పట్టుట మానినచో పెరుగునని పసిబాలుడును చెప్పగలడు.

వింత యెచ్చట ననగా, లీలో కీనాల సంఖ్య చదరపు మీటరునకు 4.9 నుండి 1.4కు పడిపోయినది. కీనాలను ఎవ్వరును తీయలేదు. వానిని తీయుట కూడ నిషిద్ధమే. వానికిని రక్షణయే దొరకినది, ఆ రక్షణలోనే అవి తగ్గినవి. రక్షిత ప్రాంతములలో బోడిరాళ్ళు, ఉన్న రాతి నేలలో నూటికి 14 వంతులకు తగ్గగా, బయట నూటికి 40 వంతులు అట్లే యుండెను. తగ్గినచోటనెల్ల కెల్ప్ లేచినది. 2006లో మరల పటము గీచినప్పుడు, మొదటి పటములో గులాబిరంగున నున్న బోడినేలలు దాదాపు కానరాకపోయినవి. వాని స్థానమున నాచు అడవి నిండియుండెను.

కారణమును పరీక్షించుటకు నిక్ షియర్స్, బాబ్‌కాక్‌లు ఒక సులభమైన ఉపాయము పన్నిరి. కీనాలను సన్నని దారములతో రాతికి కట్టి, లోపల కొన్నింటిని, బయట కొన్నింటిని విడిచిరి. లోపల వేటాడబడినవి బయటికంటె సుమారు 7 రెట్లు ఎక్కువ. చచ్చిన కీనా గుల్లను చూచి చంపినదెవరో చెప్పవచ్చును. స్నాపర్ బలమైన దవడతో గుల్లను నలుగగొట్టును. లాబ్‌స్టర్ దానిని తలక్రిందులు చేసి నోటివైపునుండి తినును. ఇంకొక విశేషము కూడ బయటపడెను. చిన్నకీనాలు పుట్టినది మొదలు రాతి బీటలలో దాగియుండి, కొంత పెరిగిన పిమ్మట బయటికి వచ్చి మేయును. శత్రువులు లేనిచోట ఆ వచ్చినవన్నియు బ్రదుకును. పెద్ద స్నాపర్లు కాచుకొనియున్న చోట బయటికి వచ్చుట యనగా చచ్చుటయే. చిన్నచేప ఈ పని చేయజాలదు. పెద్ద కీనాను పగులగొట్టుటకు పెద్ద నోరు కావలెను. పెద్ద చేపలనే యేరి పట్టు మనుష్యుడు, తనకు తెలియకుండనే, కీనాలకు కాపలాకాసినవాడైనాడు.

కనుక కథ యిట్లు తేలినది: మనుష్యుడు స్నాపరును, లాబ్‌స్టరును తీసెను, వానికి భయపడు కీనా పెరిగెను, కీనా నాచును మేసెను, నాచు పోగా దాని నీడన బ్రదుకు చిరుప్రాణులన్నియు పోయెను. ఈ శృంఖలను ఎవ్వరును చూడలేదు, ఏలయన అది ముగిసిన తరువాతనే అందరును కన్నుతెరచిరి. దానిని వెనుకకు త్రిప్పి చూచుటకు ఇరువదియేండ్ల మౌనము అవసరమైనది. ప్రకృతియని పాఠ్యగ్రంథములలో వ్రాసుకొన్నది ప్రకృతి గాదనియు, అది వేట మిగిల్చిన రూపమనియు తెలిసినప్పుడు ఆ ప్రయోగశాలవారికి కలిగిన ఆశ్చర్యమును మనము ఊహించుకొనవచ్చును. మరి మన చూపునకు అందిన తీరములలో ఎన్నింటిని మనము ఇట్లే సహజములని తలచుచున్నామో!

అయితే విమర్శకుడు ఒక మాట అడుగును. ఇదంతయు నిషేధము వలననే జరిగెనని యేమి నమ్మకము? నీటి వెచ్చదనము మారియుండవచ్చును, మంచి చోటునే యేరి మూసియుండవచ్చును. ఈ ప్రశ్న న్యాయమైనది. దీనికి సమాధానము అదే తీరమునందలి వేరు రెండు చోట్ల చరిత్రలో నున్నది.

మొదటిది మిమిఫాంగటా. 1984లో దానిని సముద్రోద్యానముగా ప్రకటించిరి. వ్యాపారపు వేటను క్రమముగా తొలగించిరి. కాని వినోదమునకు గాలము వేయువారిని కాదనలేకపోయిరి. నడిమి మార్గమని అందరును సంతోషించిరి. ఇరువదియేండ్ల తరువాత లెక్కించి చూడగా అచ్చటి స్నాపర్లు బయటికంటె అధికముగా లేవు. రెండవది పూర్ నైట్స్ దీవులు. వీనిని 1981లో రక్షిత ప్రాంతముగా చేసిరి. అయినను కొన్ని విధముల వినోదవేటకు అనుమతి యుండెను. 1998లో ఆ అనుమతిని రద్దుచేసి వేటను సంపూర్ణముగా మాన్పిరి. నాలుగేండ్లలోనే స్నాపరు పలు రెట్లు పెరిగినది. ఇంత త్వరగా పెరుగుటకు కారణము పిల్లలు పుట్టి పెరుగుట గాదు, పెద్దచేపలు ఇతర ప్రాంతములనుండి వచ్చి అచ్చట నిలచిపోవుట యని పరిశోధకులే చెప్పిరి. ఏది ఏమైనను, సగము మూసిన తలుపు తెరచిన తలుపే యని ఈ రెండు చోట్లును తెలుపుచున్నవి. ఒక్కొక్కడు ఒక్కొక్క చేపనే తీసికొనిపోవును. కాని వచ్చువారు వేలు.

బయటి మత్స్యకారునికి దీనివలన ఏమి లాభము? ఈ విషయమున ఉత్సాహవంతులు ఎక్కువగాను, విరోధులు తక్కువగాను చెప్పుదురు. లీ హద్దుచుట్టు లాబ్‌స్టరు బోనులు వేసినవారి ఫలసాయమును కొన్నేండ్లు లెక్కించినప్పుడు, ఒక్కొక్క బోనునకు వచ్చిన ఆదాయము తక్కిన తీరముతో ఇంచుమించు సమానముగానే యున్నది. చిక్కిన ప్రాణులు మాత్రము పెద్దవి. లాభమని డప్పు కొట్టుటకు లేదు, నష్టమని యేడ్చుటకును లేదు. గ్రుడ్ల సంగతి వేరు. చేప పెరిగినకొలది దాని గ్రుడ్లు మిక్కిలిగా పెరుగును. ఆ ప్రాంతపు మూడు రక్షిత ప్రాంతములను పరిశీలించి 2003లో ప్రకటించిన లెక్క ప్రకారము, చట్టము పట్టనిచ్చు పరిమాణము గల స్నాపర్లు లోపల 14 రెట్లు అధికము, గ్రుడ్ల ఉత్పత్తి 18 రెట్లు అధికము. ఆ గ్రుడ్లు హద్దును ఎరుగవు; నీటితో కొట్టుకొనిపోవును. 2017లో మరికొందరు, పిల్లచేపల జన్యులక్షణములను పరీక్షించి తలిదండ్రులను గుర్తించు పద్ధతిని అనుసరించి, లీ చుట్టు సుమారు 400 చదరపు కిలోమీటర్ల నీటిలో క్రొత్తగా చేరిన స్నాపరు పిల్లలలో నూటికి 10.6 వంతులు ఆ చిన్న రక్షిత ప్రాంతపు సంతానమని తేల్చిరి. 40 కిలోమీటర్ల దూరమునకును ఆ వంతు తగ్గలేదు. అయిదు చదరపు కిలోమీటర్ల నీరు నాలుగువందల చదరపు కిలోమీటర్లకు విత్తనము పంచుచున్నది. దూరపు ఊరిలో గాలము వేయువానికి తన గాలమునకు చిక్కిన చేప పుట్టినింటి సంగతి తెలియదు, అంతియే.

ఇంతవరకు చెప్పినదానిని బట్టి లీ కథ విజయగాథ యని శ్రోతలు తలపవచ్చును. బాలంటైన్‌కు 1996లో గోల్డ్‌మన్ పర్యావరణ బహుమానము వచ్చినది. లోకమంతట ఆ పేరు వినబడెను. కాని 1990లలో ఉచ్చస్థితికి వచ్చిన లాబ్‌స్టర్లు ఆపై తగ్గుట మొదలుపెట్టినవి. నిషేధము తొలగలేదు, కాపలా సడలలేదు. మరి ఎందులకు తగ్గెను?

ఇచ్చట ఆ 800 మీటర్ల సంగతిని జ్ఞాపకము తెచ్చుకొందము. లాబ్‌స్టరు ఏడాది పొడవున రాతి సందులలోనే యుండదు. కొన్ని ఋతువులలో రాళ్ళను విడిచి, లోతైన ఇసుకనేలకు నడచిపోయి, అచ్చట ఆలుచిప్పలవంటివానిని తినును. ఆ ఇసుకనేల యొడ్డునుండి 800 మీటర్లకు ఆవల నున్నది. 1970లలో గీత గీసినవారికి ఈ యాత్ర తెలియదు. వారు తమకు కనబడు రాళ్ళను చుట్టి గీత గీసిరి. ఆ గీత వెలుపల వేటగాండ్ర బోనులు వరుసగా మునిగియుండెను. చుట్టుప్రక్కల సముద్రములో లాబ్‌స్టరు తరిగినకొలది ఆ గీతమీద ఒత్తిడి హెచ్చినది. లోపల పెరిగిన ప్రాణి ఒక్కమారు మేతకై బయటికి పోయి, తిరిగి రాకుండెను. చిన్న రక్షిత ప్రాంతము చుట్టునున్న సముద్రముకంటె మేలుగా నుండగలదు గాని, చుట్టునున్న సముద్రమే దివాలా తీసినప్పుడు తానొక్కటియే నిండుగా నుండజాలదని దీనివలన తెలియుచున్నది. ఈ మాట రక్షిత ప్రాంతములను మెచ్చువారికి రుచింపదు; అయినను చెప్పక తప్పదు.

ఇంకొక చిక్కు పూర్ నైట్స్ దీవులలో కలిగినది. అచ్చట వేట లేదు, పెద్ద స్నాపర్లున్నవి. అయినను వెచ్చని నీటినిష్టపడు పొడవుముళ్ళ కీనాజాతి యొకటి ఇటీవలి సంవత్సరములలో పెరిగి నాచును మేయుచున్నది. స్నాపరు దానిని అదుపుచేయలేకపోయినది. సముద్రము వెచ్చబడుటను ఏ హద్దురాయియు ఆపజాలదు.

మావోరీల మాట కూడ చెప్పుట న్యాయము. సముద్రమునకు విశ్రాంతి యిచ్చుట వారికి ఆంగ్లేయులు నేర్పిన విద్య గాదు. రాహుయి యను పేరుతో ఒక చోటును కొంతకాలము మూయుట, తిరిగి తెరచుట వారి పెద్దలు పూర్వమునుండి ఆచరించినదే. ఎప్పటికిని తెరువరాని మూత మాత్రము వేరు. అది తమ తీరముపై తమకుగల హక్కును ప్రభుత్వము తమ నడుగకుండ తీసికొనుటయని వారు అభ్యంతరము చెప్పిరి. 2015లో కెర్మడెక్ దీవుల చుట్టు విశాలమైన సముద్రమును మూయుదుమని అప్పటి ప్రభుత్వము ప్రకటించినప్పుడు ఈ వివాదము తీవ్రమై, ఆ ప్రతిపాదన ఏండ్ల తరబడి నిలచిపోయి కడకు విరమింపబడెను. చేపకు మంచిదైనంత మాత్రమున మనుష్యునికి న్యాయమైనదని చెప్పరాదు. లీలో ఊరివారిని ఒప్పించుటకు పట్టిన కాలమును చూచి విసుగుకొన్నవారు, ఒప్పింపక పోయినచో ఏమగునో ఇచ్చట చూచిరి.

2022లో మాంట్రియల్ నగరమున సమావేశమైన దేశములు 2030 నాటికి భూమిలోను సముద్రములోను నూటికి 30 వంతులను రక్షింపవలెనని తీర్మానించుకొన్నవి. ఏ రక్షణను రక్షణ యందురో, మిమిఫాంగటా వంటిదియా, లీ వంటిదియా యను వాదము ఆ అంకె వెనుక దాగియున్నది. పటముమీద రంగు పూయుట సులభము.

బాలంటైన్ 2015లో కాలధర్మము నొందెను. ఆయన వచ్చినప్పుడు బోడిగానున్న రాళ్ళు ఆయన కన్నులయెదుటనే అడవియైనవి. 2025లో న్యూజీలాండు పార్లమెంటు హౌరాకి సింధుశాఖ రక్షణ శాసనమును ఆమోదించి, అందు లీ రక్షిత ప్రాంతపు సరిహద్దును సముద్రమువైపునకు జరిపినది. దీనితో లాబ్‌స్టర్లు మేతకు పోవు ఇసుకనేలలో మునుపు లేని భాగము గీతకు లోపల చేరెను. ప్రయోగశాలవారు ఎప్పటివలెనే ఏటేట మునిగి లెక్కించుచున్నారు. మొదటి గీత చెప్పినదానిని చదువుటకు ఇరువదియేండ్లు పట్టినది. రెండవ గీతకు లెక్క ఇప్పుడే మొదలైనది.